ఒక్క నిమిషం, వంద అడుగులు

రెక్కలు బిగించారు. ఇంజను మోగించి చూశారు. రంగు కూడా వేశారు. చివరికి స్టాటిక్ లీకు పరీక్ష చేసే టెక్నీషియన్ హాంగర్‌కి వచ్చాడు. తన పెట్టె తగిలించి, ఆల్టిమీటర్ సూదిని వెయ్యి అడుగులు పైకి తీసుకెళ్లి వదిలాడు. సూది అక్కడ నిలవలేదు. పదిహేను సెకన్లలో మూడు వందల అడుగులు దిగిపోయింది. "లీకుంది, సరిచేసుకుని పిలవండి" అని పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు మీరేం చేస్తారు?

చాలామంది పానా అందుకుంటారు. ప్యానెల్ వెనక్కి దూరి, చేతికి తగిలిన ప్రతి నట్టునూ ఇంకో పావు చుట్టు తిప్పుతారు. సాయంత్రానికి లీకు ఎక్కడిదక్కడే ఉంటుంది, పైగా ఒక ప్లాస్టిక్ ఫిట్టింగు చీలి ఉంటుంది. మర్నాడు పరీక్ష పెడితే సూది ఇంకా వేగంగా దిగుతుంది. అప్పుడొస్తుంది అసలు నిరుత్సాహం.

ఈ అధ్యాయం ఆ పానాని కాసేపు పక్కన పెట్టించడానికి రాసింది. ముందు వేరుచేయాలి, తర్వాత చూడాలి, ఆఖరున బిగించాలి. ఈ వరస పట్టుకుంటే లీకు వెతకడం ఒక పూట పని. వరస తప్పితే వారాలు పడుతుంది.

మీరు మన జిల్లాలో దోమలోనో పరిగిలోనో పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు టెక్సాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో గ్యారేజీలో కిట్ విమానం కడుతున్నవారై ఉండొచ్చు. లేదా తాండూరులో ఉంటూ, ఎప్పటికైనా కట్టాలని కలలు కంటున్నవారై ఉండొచ్చు. మన దేశంలో ఈ దారి ఇరుకే. ముంబైలో తన అపార్టుమెంటు మిద్దె మీద ఆరు సీట్ల విమానం కట్టిన పైలట్ అమోల్ యాదవ్‌కి 2017లో గానీ డీజీసీఏ రిజిస్ట్రేషన్ దొరకలేదు. అనుమతి లేకుండా ఇక్కడ ఎగరకండి, ఆ మాట ముందే చెబుతున్నాను. కానీ నేర్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2022 డిసెంబరులో హైదరాబాద్‌లోని టీఐఎఫ్‌ఆర్ బెలూన్ కేంద్రం నుంచి లేచిన ఒక స్పెయిన్ కంపెనీ ప్రయోగ క్యాప్సూల్ మన జిల్లాలోనే, మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో దిగింది. ఊరంతా కదిలి వెళ్లి చూసింది. అక్కడికి పరుగెత్తిన పిల్లల్లో ఒకరు రేపు విమానం కట్టరని ఎవరనగలరు?

సిద్ధాంతం నాలుగు ముక్కల్లో

ఎదురుగాలి కొట్టే గొట్టం పీటో. పక్కగా, గాలి తాకిడి లేనిచోట ఉండే చిన్న రంధ్రం స్టాటిక్ పోర్టు. ఆల్టిమీటర్, వర్టికల్ స్పీడ్ ఇండికేటర్ స్టాటిక్ ఒత్తిడి ఒక్కదాన్నే చదువుతాయి. ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ రెండింటి తేడాను చదువుతుంది. మీ ప్యానెల్‌లో గుండ్రటి సూదులున్నా, గాజు తెర ఉన్నా ఇదే లెక్క. తెర వెనక ఉన్న సెన్సారు కూడా ఆ గొట్టాల గాలినే నమ్ముకుంది.

పీటో వైపు లీకుంటే వేగం తక్కువ చూపిస్తుంది. స్టాటిక్ వైపు లీకు మోసం ఇంకోలా ఉంటుంది. ఎగురుతున్నప్పుడు చాలా చిన్న విమానాల కేబిన్‌లో ఒత్తిడి బయటికన్నా కొంచెం తక్కువ. కేబిన్‌లోపల స్టాటిక్ పైపుకి చిల్లు పడితే ఆ తక్కువ ఒత్తిడి పైపులోకి చేరుతుంది. అప్పుడు ఎత్తూ ఎక్కువ చూపిస్తుంది, వేగమూ ఎక్కువ చూపిస్తుంది. లేని వేగం ఉందని నమ్మి దిగడానికి వచ్చే పైలట్ పరిస్థితి ఏమిటో ఆలోచించండి. అందుకే రెంటిలో నాకు స్టాటిక్ లీకంటేనే భయం.

ఇక మూసుకుపోవడం సంగతి. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లో బిర్గెన్‌ఎయిర్ 757 కూలి 189 మంది పోయారు. ఒక పీటో గొట్టం మూసుకుపోయింది, మట్టిగూడు కట్టే కందిరీగలే కారణమై ఉంటాయని దర్యాప్తు భావించింది. అదే ఏడాది అక్టోబరు 2న లిమా నుంచి లేచిన ఏరోపెరూ విమానంలో 70 మంది పోయారు. విమానం కడిగేటప్పుడు స్టాటిక్ పోర్టులకు అంటించిన టేపు తీయడం మరిచారు. ఆ రెండూ లీకులు కావు. అయినా లీకు వెతికే మనిషి చేతిలో టేపు ఉంటుంది కాబట్టి ఈ రెండో కథ గుర్తుంచుకోవాలి.

కారని లీకు

కిట్ కట్టేవాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది స్టాటిక్ లీకు కంటికి కనపడకపోవడం. ఇది మన బాయి కాడ మోటారుకి గాలి పట్టినట్టే. సెలవులకి దోమ ఊరికి వచ్చిన ఒక అబ్బాయి మోటారు నీళ్లు ఎత్తడం లేదని పైపంతా తడిమి, "ఎక్కడా కారడం లేదు నాయినా, పైపు బాగానే ఉంది" అన్నాడనుకోండి. తండ్రి ఏమంటాడు? "బిడ్డా, నీళ్లు బయటికి కారుతలేవంటే పైపు మంచిగున్నట్టు కాదు. గుంజే పైపు లోపటికి గాలి తాగుతది. ఆడ చూడు."

స్టాటిక్ పరీక్షలో మనం పైపులోంచి గాలి లాగుతాం. చిల్లు ఉంటే గాలి లోపలికి వస్తుంది. బుస వినపడదు, బుడగ కనపడదు. సూది ఒక్కటే చెబుతుంది.

పనిముట్లు, ముందు జాగ్రత్తలు

1. మెడికల్ షాపులో 60 మిల్లీలీటర్ల సిరంజి, రెండు మీటర్ల మెత్తటి సన్న పైపు, రెండు టీ (T) ఆకారపు ముక్కలు, పైపు నొక్కిపట్టే రెండు క్లిప్పులు కొనండి. స్టాటిక్ పరీక్షకి ఇది చాలు. ఖరీదైన పెట్టె టెక్నీషియన్‌కి అవసరం, లీకు వెతుక్కునే మీకు కాదు.

2. పీటో పరీక్షకి నీటి మానోమీటర్ చేసుకోండి. పారదర్శకమైన పైపుని U ఆకారంలో చెక్కకి బిగించి, పక్కన స్కేలు అంటించి, రంగు కలిపిన నీళ్లు పోస్తే అదే మానోమీటర్. రెండు వైపుల నీటి మట్టాల తేడా 6 సెంటీమీటర్లుంటే 60 నాట్స్, 16.6 ఉంటే 100 నాట్స్, 24 ఉంటే 120 నాట్స్. ఈ లెక్కతో లీకే కాదు, మీ ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ సరిగా చూపుతోందో లేదో కూడా తెలిసిపోతుంది. ఒక్క జాగ్రత్త: నీళ్లు పొరపాటున కూడా విమానం పైపులోకి ఎక్కకుండా చెక్కని పోర్టు కన్నా బాగా కిందికి ఉంచండి.

3. నోటితో ఊదకండి, నోటితో పీల్చకండి. "కొంచెమే కదా" అంటారు. 200 నాట్స్‌కి నీటి మట్టం తేడా 68 సెంటీమీటర్లే. బలంగా ఊదే మనిషి ఊపిరి దాన్ని సులువుగా దాటుతుంది. పరికరం లోపలి పలుచటి క్యాప్సూల్ ఒకసారి సాగిందంటే మళ్లీ మామూలు స్థితికి రాదు.

4. దిక్కు తప్పకండి. పీటో వైపు ఒత్తిడి పెంచాలే గానీ విడిగా లాగకూడదు. స్టాటిక్ వైపు లాగాలే గానీ ఒత్తిడి పెట్టకూడదు. పరికరాలు తగిలించి ఉండగా కంప్రెసర్ గాలి మాట ఎత్తొద్దు.

5. అన్నిటికన్నా ముందు మీ సిరంజి, పైపులు, టీలనే పరీక్షించండి. పోర్టుకి తగిలించే కొస మూసి, ఒత్తిడి పెట్టి, ఐదు నిమిషాలు వదిలేయండి. సగం "లీకులు" విమానంలో ఉండవు, పరీక్ష పైపులోనే ఉంటాయి.

స్టాటిక్ పరీక్ష

ఇక్కడ కొంచెం నింపాదిగా నడుద్దాం.

6. ఒక వైపు పోర్టుని ఎర్ర టేపుతో మూయండి. ఎర్రది ఎందుకు? వెండి రంగు టేపు వెండి రంగు అల్యూమినియం మీద కనపడదు. లిమాలో జరిగింది ఇదే. టేపుకి ఒక పొడుగాటి రిబ్బను కట్టి కిందికి వేలాడదీయండి.

7. రెండో పోర్టుకి, మధ్యలో రంధ్రం చేసి పైపు దూర్చిన రబ్బరు సక్షన్ కప్పు అతికించండి. కప్పు అంచుకి కొద్దిగా వ్యాజలిన్ రాస్తే గట్టిగా పట్టుకుంటుంది. వ్యాజలిన్ రంధ్రంలోకి పోకుండా చూడండి.

8. ఈ మాట చాలామందికి తెలియదు: వెయ్యి అడుగుల పరీక్షలో పీటో గొట్టం తెరిచి ఉంటే ఎయిర్‌స్పీడ్ సూది దాదాపు 150 నాట్స్ దాకా ఎగబాకుతుంది. మీ ఇండికేటర్ గరిష్ఠం 120 నాట్స్ అయితే అది పాడైనట్టే. అందుకే పీటో కింద నీళ్లు కారే రంధ్రాన్ని కూడా ఎర్ర టేపుతో మూసి, ఒక టీ ముక్కతో పీటోనీ స్టాటిక్‌నీ కలిపేయండి. రెండు వైపులా ఒకే ఒత్తిడి ఉంటుంది, సూది సున్నా దగ్గరే నిలుస్తుంది.

9. ఆల్టిమీటర్ చూపు రాసుకోండి. శంషాబాద్ విమానాశ్రయం 2,024 అడుగుల ఎత్తులో ఉంది. మన వైపు ఎక్కడ పరీక్ష పెట్టినా ఆ దగ్గర్లో మొదలై మూడు వేల దాకా వెళుతుంది. సిరంజి నెమ్మదిగా లాగండి. వర్టికల్ స్పీడ్ సూది దాని స్కేలు దాటకూడదు. ఒక లాగుడు చాలకపోతే పైపు క్లిప్పు బిగించి, సిరంజి ఖాళీ చేసి, మళ్లీ లాగండి.

10. వెయ్యి అడుగులు ఎక్కాక క్లిప్పు వేసి, రెండు నిమిషాలు ఊరుకోండి. అవసరమైతే మళ్లీ కొంచెం లాగి సరిచేసి, అప్పుడు గడియారం చూడటం మొదలుపెట్టండి. అమెరికా నిబంధన ప్రకారం ఒత్తిడి నింపని కేబిన్ ఉన్న విమానంలో ఒక నిమిషంలో వంద అడుగులు మించి దిగకూడదు. మీ సొంత గీత మాత్రం ఇరవై దగ్గర పెట్టుకోండి. వంద అడుగులు పరీక్షకి సరిపోతాయేమో, వచ్చే ఏడాదికి సరిపోవు.

11. వదిలేటప్పుడు కూడా తొందరొద్దు. క్లిప్పు ఒక్కసారిగా తీస్తే వర్టికల్ స్పీడ్ సూది అడుగుకి కొట్టుకుంటుంది.

రెండు నిమిషాలు ఊరుకోమన్నది ఎందుకు? గాలి లాగినప్పుడు పైపులో ఉన్న గాలి కాస్త చల్లబడి, మళ్లీ మామూలు వేడికి వస్తుంది. మూసి ఉన్న గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినా మన ఎత్తులో ఆల్టిమీటర్ దాదాపు 90 అడుగులు దిగుతుంది. అంటే అనుమతించిన వంద అడుగుల్లో ఇంచుమించు అంతా ఒక్క డిగ్రీతో కరిగిపోయింది! రోహిణి కార్తె ఎండలో, తలుపులు తెరిచిన హాంగర్‌లో, రెక్క మీద ఎండ పడుతుండగా పరీక్ష పెట్టి "లీకు, లీకు" అని బెంబేలు పడే మనిషికి నేనేం చెప్పను? తెల్లవారుజామున పెట్టండి. నీడలో పెట్టండి. ప్యానెల్ మీద దీపం వేలాడదీయకండి. ఎవరైనా ఈ ఒక్క పేరా చదివి మిగతాదంతా వదిలేసినా నాకు బాధ లేదు.

పీటో పరీక్ష

దీన్ని త్వరగా ముగించవచ్చు.

12. పీటో గొట్టం కింద నీళ్లు కారే చిన్న డ్రెయిన్ రంధ్రం ఉంటుంది, దాన్ని ఎర్ర టేపుతో మూయండి. స్టాటిక్ పోర్టులు తెరిచి ఉండాలి. మెత్తటి పైపు గొట్టానికి తొడిగి, మానోమీటర్‌ని టీతో కలిపి, సిరంజితో మీ క్రూజ్ వేగం దాకా మెల్లగా తీసుకెళ్లండి. క్లిప్పు వేసి ఒక నిమిషం చూడండి. మీ కిట్ మాన్యువల్ ఎంత అనుమతిస్తే అంతే. మాన్యువల్‌లో లేకపోతే, సూది కంటికి తెలిసేలా జారకూడదన్నది నా గీత.

నిజం చెప్పాలంటే పీటో వైపు సూది మొన అంత చిల్లుతో గాలిలో వేగం పెద్దగా మారదు. ఎదురుగాలి ఎప్పటికప్పుడు నింపుతూనే ఉంటుంది. అలాగని వదిలేయకండి. ఈరోజు సూది మొన అంత ఉన్నది రేపు పైపు ఊడిపోవడానికి మొదలు కావచ్చు.

లీకుని మూలకి తోలడం

ఇప్పుడు లీకు ఉందని తెలిసింది. ఎక్కడుంది? ఇక్కడే ఓపిక, ఇక్కడే తెలివి.

13. ఒక కాగితం మీద మీ గొట్టాల దారి గీయండి. పోర్టు నుంచి మొదలుపెట్టి ప్రతి టీ, ప్రతి మలుపు, ప్రతి పరికరం రాయండి. ఆల్టిమీటర్, ఎయిర్‌స్పీడ్, వర్టికల్ స్పీడ్, ట్రాన్స్‌పాండర్ ఎన్‌కోడర్, ఆటోపైలట్, తెరల వెనక సెన్సారు పెట్టె, ప్రత్యామ్నాయ స్టాటిక్ వాల్వు, నీళ్లు తీసే సంప్. విమానం మీరే కట్టారు. అయినా ఈ బొమ్మ గీసేటప్పుడు "అరె, ఇక్కడ ఇంకో టీ ఉంది కదా" అని ఒకసారైనా అంటారు. మరిచిపోయిన ఆ టీయే తరచుగా దొంగ.

14. సగానికి విడగొట్టండి. ప్యానెల్‌లోకి పైపు వచ్చే చోట విప్పి, ప్యానెల్ వైపు కొసని పరీక్షించండి. లీకు లేదా? అయితే అది తోక వైపు ఉంది. ఉందా? అయితే తోక వైపు జోలికి పోకండి. ఇప్పుడు లీకున్న సగాన్ని మళ్లీ సగం చేయండి. నాలుగైదు విడతల్లో ఒకే ఫిట్టింగు దగ్గరికి చేరతారు.

15. ముక్కలు చిన్నవైన కొద్దీ సూది వేగంగా దిగుతుంది, కంగారు పడకండి. లోపలి గాలి తక్కువైతే అంతే చిల్లుకి ఒత్తిడి త్వరగా పోతుంది. కాబట్టి ఒక ముక్క వేగాన్ని ఇంకో ముక్కతో పోల్చకండి. ఒకే ప్రశ్న వేయండి: నిలుస్తోందా, నిలవడం లేదా?

16. ఒకసారికి ఒకటే మార్చండి. ఫిట్టింగు మార్చి, ఇంకో నట్టు బిగించి, మూడో చోట టేపు చుట్టి పరీక్ష పెడితే పాస్ కావచ్చు. కానీ ఏది సరిచేసిందో తెలియదు. ఆరు నెలల తర్వాత లీకు తిరిగొస్తే మళ్లీ మొదటి నుంచి మొదలు.

17. పీటో, స్టాటిక్ కలిపి పరీక్షిస్తే నిలిచి, ఎయిర్‌స్పీడ్ సూది గరిష్ఠం దాటకుండా విడిగా స్టాటిక్ పరీక్షిస్తే జారుతుంటే, అనుమానం ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ మీద పెట్టండి. రెండు వైపుల మధ్య గోడ దాని లోపలే ఉంది. పరికరం మూత తెరవకండి. అది ఇన్‌స్ట్రుమెంట్ షాపు పని.

18. సబ్బు నురగ వాడొచ్చా? పరికరాలన్నీ విప్పేసి, గొట్టాన్ని మాత్రమే కొద్ది ఒత్తిడితో నింపినప్పుడు వాడొచ్చు, తర్వాత తుడిచేయాలి. గాలి లాగి పెట్టిన స్టాటిక్ పైపు మీద మాత్రం నురగ పోయకండి. చిల్లు ఉంటే దాన్ని లోపలికి తాగేస్తుంది. ఆ తర్వాత వచ్చే సమస్య లీకు కాదు, పైపులో నీళ్లు.

దొంగలు ఎక్కడ దాక్కుంటారు?

పుల్లతో పొడిచినట్టు వెతకకుండా, ముందు వీటిని చూడండి.

పైపుని తోసి బిగించే ప్లాస్టిక్ ఫిట్టింగులు. ఇవి చాలా మంచివి, కానీ పైపు కొస నిటారుగా కోసి ఉండాలి. కత్తెరతో ఏటవాలుగా కోసిన పైపు సగమే ఆనుతుంది. పైపు మీద పొడుగునా ఒక గీత పడి ఉంటే, ఓ-రింగ్ కిందగా ఆ గీతలోంచి గాలి నడుస్తుంది. కొస నుంచి రెండు సెంటీమీటర్లు కోసి పారేసి, బ్లేడుతో నిటారుగా మళ్లీ కోసి, ఆగేదాకా తోయండి. చాలా లీకులు ఇక్కడే తీరిపోతాయి, డబ్బు ఖర్చు లేకుండా.

కోసుగా ఉండే టేపర్ మరలు. ఇవి ఉత్త బిగింపుతో గాలిని ఆపవు, సీలెంట్ కావాలి. టెఫ్లాన్ టేపు చుట్టేవాళ్లు మర మొదటి రెండు చుట్లు ఖాళీగా వదలాలి. లేకపోతే టేపు పీలిక పైపులోకి పోయి కూర్చుంటుంది. నా ఓటు పలుచగా రాసే లిక్విడ్ సీలెంట్‌కే. ప్లాస్టిక్ ఫిట్టింగుకి ఏ సీలెంట్ పడుతుందో డబ్బా మీద చూడండి, కొన్ని ప్లాస్టిక్‌ని పగలగొడతాయి.

ఫ్లేర్ ఫిట్టింగులు. విమానానికి వాడే ఫ్లేర్ 37 డిగ్రీలది. కార్ల దుకాణంలో దొరికే పనిముట్టు 45 డిగ్రీలది. రెండూ బిగుస్తాయి, కళ్లకి బాగానే కనిపిస్తాయి, గాలి మాత్రం నిలవదు. ఇలాంటి దాన్ని పానాతో గెలవలేరు. పైపు కోసి కొత్త ఫ్లేర్ చేయాల్సిందే.

స్టాటిక్ పోర్టు వెనక అతుకు. ఆర్‌వీ రకం విమాన కిట్లలో పాప్ రివెట్ మధ్య పుల్లని తీసేసి దాన్నే స్టాటిక్ పోర్టుగా వాడతారు. తమాషాగా ఉంటుంది గానీ చక్కగా పనిచేస్తుంది. దాని తోక మీద తొడిగిన పైపు వదులైతే, లేదా సీలెంట్ ఆరకముందే ఎవరో కదిపితే, అక్కడ గాలి పోతుంది. తోకభాగంలోకి పాకి వెళ్లడం బద్ధకమని చాలామంది దీన్ని చివరికి వదులుతారు. ముందే చూడండి.

రెక్క మొదట్లో పీటో పైపు అతుకు. రెక్కలు విప్పి బిగించిన ప్రతిసారీ ఇది కదులుతుంది.

పాతబడ్డ రబ్బరు పైపులు, నీళ్లు తీసే సంప్ వాల్వు, ప్రత్యామ్నాయ స్టాటిక్ వాల్వు. ఈ మూడూ ఒక్క మాటలో: చవక, మార్చేయండి.

మీరు నమ్మకంగా "అది నేనే బిగించాను, దానికేం కాదు" అనుకునే అతుకు ఏదైనా ఉందా? దాన్ని పై జాబితాలో మొదట రాసుకోండి. చివరగా చేయి పెట్టిన చోట వెతకడం కన్నా మంచి పద్ధతి నాకు తెలియదు. మొన్న కొత్త రేడియో బిగించడానికి ప్యానెల్ తీశారా? అప్పుడు మోచేయి తగిలిన పైపు ఏది?

మామూలుగా చేసే తప్పులు

ఒకరు మంచి ఉత్సాహంతో పరీక్ష మొదలుపెట్టి, వర్టికల్ స్పీడ్ సూది అడుగుకి కొట్టుకున్నాక "ఇదేంటి, పరికరం చెడిపోయింది" అంటారు. ఒకరు డ్రెయిన్ రంధ్రానికి టేపు వేయకుండా పీటో లీకు కోసం రెండు రోజులు వెతుకుతారు. ఇంకొకరు, ఇది అన్నిటికన్నా ప్రమాదం, పరీక్ష పాసయ్యాక సంతోషంలో టేపు తీయకుండా భోజనానికి వెళతారు. కాబట్టి ఎన్ని టేపులు అంటించారో కాగితం మీద రాయండి, తీసినవి పక్కన అతికించండి. లెక్క కలిస్తేనే కాగితం మడవండి.

సిరంజి లాగుడు సున్నితంగా రావడానికి మధ్యలో ఖాళీ సీసా పెట్టడం కొందరి అలవాటు. మంచిదే. కానీ గడియారం మొదలుపెట్టే ముందు ఆ సీసాని క్లిప్పుతో వేరుచేయండి. సీసాలోని గాలి లీకుని దాచేస్తుంది. పాసైనట్టు కనిపిస్తుంది, పాస్ కాదు.

మరొకటి మనస్తత్వానికి సంబంధించింది. రెండేళ్లు, మూడేళ్లు రాత్రిళ్లు మేలుకుని కట్టినవాడికి తన అతుకు విప్పాలంటే మనసొప్పదు. విప్పకుండా పైనుంచి సీలెంట్ పూస్తాడు. బయట పూసిన సీలెంట్ ఇవాళ గాలి ఆపినా ఇంజను అదురుకి నెలలోపు పగులుతుంది. అతుకు విప్పి, తుడిచి, కొత్తగా కట్టడమే మరమ్మతు. మిగతాదంతా అలంకారం.

గాలిలో పట్టుకునే గుర్తులు

నేల మీద పాసైన గొట్టం కూడా తర్వాత వదులు కావచ్చు. కాబట్టి ఎగిరేటప్పుడు ఓ కన్నేసి ఉంచండి.

19. స్థిరంగా ఎగురుతూ కేబిన్ వెంటు తెరిచి మూయండి. ఆల్టిమీటర్ గానీ ఎయిర్‌స్పీడ్ గానీ తటాలున కదిలితే స్టాటిక్ పైపు కేబిన్ గాలిని తాగుతోందన్నమాట.

20. పైకి ఎక్కుతుంటే ఎయిర్‌స్పీడ్ దానంతటదే పెరుగుతూ పోతోందా? అది లీకు కాదు. పీటో ముందు, డ్రెయిన్ రెండూ మూసుకుపోయి ఆ ఇండికేటర్ ఆల్టిమీటర్‌లా నడుస్తోంది. ముక్కు ఎత్తి వేగం తగ్గించబోకండి. మీకు తెలిసిన పవర్, మీకు తెలిసిన ముక్కు కోణం పెట్టి దిగండి.

21. ఆల్టిమీటర్ కదలకుండా నిలబడి, వర్టికల్ స్పీడ్ సున్నా చూపుతుంటే స్టాటిక్ మూసుకుంది. ప్రత్యామ్నాయ వాల్వు తెరవండి. అది ఎక్కడుందో కళ్లు మూసుకుని చేయి పెట్టగలరా? పెట్టలేకపోతే ఇవాళే సాధన చేయండి.

22. నేల మీద నిలిపిన ప్రతిసారీ పీటోకి తొడుగు వేయండి. కందిరీగకి ఒక గూడు కట్టడానికి ఎక్కువ రోజులు పట్టవు, అది తాండూరైనా టెక్సాసైనా.

పని ముగిశాక

మీరు ఇంట్లో సిరంజితో చేసినది లీకు వెతకడానికి. ధ్రువీకరణ సంతకం వేరు. అమెరికాలో పరికరాలు చూసి ఎగిరే ఐఎఫ్ఆర్ నియమాలతో నియంత్రిత గగనతలంలో ఎగరాలంటే 91.411 నిబంధన కింద స్టాటిక్ వ్యవస్థనీ ఆల్టిమీటర్‌నీ ప్రతి 24 నెలలకీ పరీక్షించాలి. స్టాటిక్ పైపుని ఎక్కడ విప్పి కట్టినా మళ్లీ పరీక్షించాలి, డ్రెయిన్, ప్రత్యామ్నాయ వాల్వు వాడటం మాత్రం దీనికి మినహాయింపు. పగలు, కంటిచూపుతో మాత్రమే ఎగిరేవారికి ఈ గడువు వర్తించదు. అయినా కొత్తగా కట్టిన విమానాన్ని ఈ పరీక్ష లేకుండా మొదటిసారి ఎగరేయడం తెలివైన పని కాదని నా ఖరాఖండీ అభిప్రాయం. మొదటి విమానయానంలో మీరు నమ్మాల్సినవి రెండే రెండు: ఇంజను, ఎయిర్‌స్పీడ్.

టెక్నీషియన్‌ని మళ్లీ పిలిచే ముందు రోజు మీ సిరంజితో ఇంకోసారి చూడండి. నిమిషానికి ఇరవై అడుగుల లోపు దిగితే ఫోన్ చేయండి. ఏ ఫిట్టింగు మార్చారో, పాత చూపు ఎంతో, కొత్త చూపు ఎంతో, ఆ రోజు వేడి ఎంతో లాగ్‌బుక్‌లో రాసి తేదీ వేయండి. ఆ పేజీకి మీరు గీసిన గొట్టాల బొమ్మ అంటించండి. వచ్చే పరీక్ష గడువు కూడా దాని కిందే రాసి ఉంచండి.